నెమ్మదిగా సైకిల్ యాత్ర – 4వ పాఠం: రోజును మజిలీలుగా వేసుకోవడం

మొదటి మూడు పాఠాల్లో సీటు ఎత్తు సరిచేసుకున్నాం, టైర్లలో గాలి చూసుకున్నాం, క్యారియర్ మీద బరువు కట్టడం నేర్చుకున్నాం. పొద్దున బయల్దేరి వెలుతురు ఉండగానే ఇల్లు చేరే ప్రయాణాన్ని కాగితం మీద ఎలా వేసుకోవాలో ఈ పాఠంలో చూద్దాం. పెన్ను, కాగితం దగ్గర పెట్టుకుని చదవండి.

కొత్తవాళ్ళు ముందుగా అడిగేది "రోజుకు ఎన్ని కిలోమీటర్లు తొక్కొచ్చు?" అని. ఆ లెక్క చివర్లో వేద్దాం. ముందు ఎక్కడెక్కడ ఆగాలో రాయండి. దాని పక్కనే, ఒక్కోచోట ఎంతసేపు ఉండాలో రాయండి. మిగిలిన టైములో ఎంత దూరం పడుతుందో అదే ఆ రోజు దూరం. నల్లగొండ జిల్లాలో ఊరూరా చెరువులు, పాత గుళ్ళు, కాలువ కట్టలు ఉన్నాయి. వాటి దగ్గర ఆగకుండా వెళ్ళేటట్టయితే బస్సెక్కడమే మేలు.

ముందు మీ వేగం తెలుసుకోండి

రోడ్డు పక్కన కిలోమీటరు రాళ్ళుంటాయి. ఒక రాయి దగ్గర టైము చూసుకుని తర్వాతి రాయి దాకా మామూలుగా తొక్కండి. ఐదు నిమిషాలు పడితే మీ వేగం గంటకు 12 కిలోమీటర్లు, ఆరు నిమిషాలు పడితే 10. గేర్లు లేని మామూలు సైకిల్‌కు ఈ రెండింటి మధ్య ఎక్కడున్నా మంచిదే. తొక్కుతూ పక్కనున్నవాళ్ళతో ఆయాసం లేకుండా పూర్తి వాక్యాలు మాట్లాడగలగాలి. మాట తెగుతుంటే వేగం తగ్గించండి. ఈ పరీక్ష పొద్దున్నే కాకుండా, ఒక గంట తొక్కాక చేయండి. ఒళ్ళు తాజాగా ఉన్నప్పుడు వచ్చిన వేగాన్ని నమ్మి రోజంతా లెక్క వేసుకుంటే సాయంత్రం చీకట్లో పడతాం.

చిన్న మజిలీ: పానగల్లు

మొదటి సాధనకు పానగల్లు కంటే మంచి చోటు నాకు తోచదు. నల్లగొండ క్లాక్ టవర్ నుంచి మూడు నాలుగు కిలోమీటర్లే. తొక్కడానికి అరగంట కూడా పట్టదు. అయినా దీనికి ఒక పూట మొత్తం కేటాయించమంటున్నాను. కందూరు చోడులు ఏలిన ఊరిది. ఉదయసముద్రం చెరువుకు ఉదయ చోడుడి పేరే ఉంది. ఇప్పుడు ఆ చెరువులోకి ఎలిమినేటి మాధవరెడ్డి ప్రాజెక్టు ద్వారా కృష్ణా నీళ్ళొస్తున్నాయి.

ఇక్కడ రెండు గుళ్ళున్నాయి. పచ్చల సోమేశ్వరాలయం గోడల మీద రామాయణ, భారత ఘట్టాలు చెక్కి ఉంటాయి. వాటిని నడుస్తూ చూస్తే ఏమీ కనబడవు. ఒక్కో వరుస ముందు నిలబడాలి. గుడిని ఆనుకునే మ్యూజియం ఉంది. ఛాయా సోమేశ్వరాలయం మూడు గర్భగుళ్ళున్న త్రికూటాలయం. అందులో ఒక గర్భగుడిలో లింగం వెనక స్తంభం నీడ పగలంతా చోటు మారకుండా నిలబడి ఉంటుంది. అక్కడికి నేరుగా ఎండ రాదు. బయటి నుంచి చెదిరి వచ్చే వెలుతురే స్తంభాల మధ్య నుంచి లోపలికి పడుతుంది కాబట్టి సూర్యుడు కదిలినా నీడ కదలదు. ఇది అర్థం కావాలంటే పొద్దున ఒకసారి, రెండు మూడు గంటల తర్వాత ఇంకోసారి చూడాలి. అందుకే మీ కాగితం మీద ఛాయా సోమేశ్వరాన్ని రెండుసార్లు రాయండి: మొదట ఛాయా సోమేశ్వరం, తర్వాత చెరువు కట్ట, పచ్చల సోమేశ్వరం, తిరుగు దారిలో మళ్ళీ ఛాయా సోమేశ్వరం. మధ్యాహ్నం గర్భగుడి తలుపులు వేస్తారేమో ముందే పూజారిని అడిగి తెలుసుకోండి.

నా మాట వింటే రోజుకు రెండు గుళ్ళకు మించి పెట్టుకోవద్దు. మూడో గుడికి వచ్చేసరికి కాళ్ళు బాగానే ఉన్నా కళ్ళు అలిసిపోతాయి.

పెద్ద మజిలీ: మిర్యాలగూడ నుంచి వాడపల్లి

ఇప్పుడు ఒక పూర్తి రోజు వేద్దాం. మిర్యాలగూడ చుట్టూ నాగార్జునసాగర్ ఎడమ కాలువ ఆయకట్టు. 1967లో కాలువకు నీళ్ళు వదిలిన తర్వాత ఈ ప్రాంతమంతా వరి మాగాణి అయింది. ఊరి నిండా రైస్ మిల్లులున్నాయంటే కారణం అదే. నేల దాదాపు చదునుగా ఉంటుంది, కృష్ణ వైపు వెళ్ళేకొద్దీ కొద్దికొద్దిగా దిగుతుంది. వెళ్ళేటప్పుడు ఆ వాలు కంటికి తెలియదు, వచ్చేటప్పుడు తొడలకు తెలుస్తుంది.

వాడపల్లి దామరచర్ల మండలంలో ఉంది. మూసీ వచ్చి కృష్ణలో కలిసేది అక్కడే. అగస్త్యేశ్వరాలయం, నరసింహస్వామి గుడి రెండూ ఆ ఊళ్ళోనే ఉన్నాయి. మిర్యాలగూడ నుంచి పాతిక కిలోమీటర్లు వేసుకోండి, రానూపోనూ యాభై.

గంటకు 12 చొప్పున యాభై కిలోమీటర్లకు నాలుగు గంటల పది నిమిషాలు. దారిలో టిఫినుకు అరగంట, కాలువ దగ్గర ఇరవై నిమిషాలు, వాడపల్లిలో గుళ్ళు, సంగమం, భోజనం అన్నీ కలిపి రెండున్నర గంటలు, తిరుగు దారిలో చాయ్‌కి ఇరవై నిమిషాలు. ఇవన్నీ రాశాక ఒక గంట ఖాళీగా ఉంచండి. పంక్చరు పడినా, ఎవరైనా పిలిచి మంచినీళ్ళిచ్చి కూర్చోబెట్టినా, దారి తప్పినా టెన్షన్ లేకుండా కాపాడేది ఆ గంటే. దాన్ని ఇంకో గుడితో నింపాలనిపిస్తుంది, నింపకండి. మొత్తం ఎనిమిది గంటల యాభై నిమిషాలు అయింది. డిసెంబరులో ఇక్కడ ఆరున్నర దాటాక తెల్లవారుతుంది, ఐదు ముప్పావు ప్రాంతంలో పొద్దుగూకుతుంది. 6:45కు బయల్దేరితే 3:35కు ఇంటికి చేరతారు. చీకటి పడేలోపు ఇంకో రెండు గంటలు చేతిలో ఉంటాయి. మీ వేగం 10 అయితే తొక్కడానికే ఐదు గంటలు పడుతుంది. అప్పుడు వాడపల్లిలో కోత పెట్టకుండా ఇంకా పొద్దున్నే బయల్దేరండి, కానీ పూర్తిగా తెల్లవారాకే పెడల్ మీద కాలు పెట్టండి.

ఇక గాలి. చలికాలంలో గాలి ఎక్కువగా తూర్పు, ఈశాన్యాల నుంచి వీస్తుంది, పొద్దున్నే నెమ్మదిగా ఉంటుంది. వాడపల్లి మిర్యాలగూడకు ఆగ్నేయంగా ఉంది కాబట్టి గాలి లేవకముందే అటు వెళ్ళిపోతాం, మధ్యాహ్నం తిరిగొచ్చేటప్పుడు వాలు ఎదురైనా గాలి సాయం చేస్తుంది. ఆషాఢంలో గాలి పడమటి నుంచి గట్టిగా కొడుతుంది. అలిసిపోయి వచ్చే దారిలోనే వాలు, గాలి రెండూ ఎదురవుతాయి. ఆ నెలల్లో ఈ దారి పెట్టుకోవద్దు.

కట్ట మీద

వాడపల్లి వైపు వెళ్ళే నార్కట్‌పల్లి–అద్దంకి రోడ్డు మీద లారీలు ఎక్కువ. వీలైనంత వరకు ఊళ్ళ రోడ్లు, కాలువ కట్టలు పట్టుకోండి. కట్ట దారి ఫోన్ మ్యాపులో సరిగ్గా ఉండదు, మనుషులనే అడగాలి. అడగడంలో కూడా పద్ధతుంది. "ఎంత దూరం?" అంటే "గీడనే" అంటారు. ఆ మాటకు రెండు కిలోమీటర్లూ కావచ్చు, ఎనిమిదీ కావచ్చు. ఇలా అడగండి: "అన్నా, ఈ కట్ట మీద ట్రాక్టర్ పోతదా? ఎందాక పోతది?" ట్రాక్టర్ పోయే చోట సైకిల్ పోతుంది. వాన పడిన మర్నాడు మాత్రం ఈ సూత్రం పనికిరాదు. రేగడి నేలలో బురద టైరుకూ మడ్‌గార్డుకూ మధ్య చేరి గట్టిపడి, చక్రం తిరగకుండా పట్టేస్తుంది. అలాంటి రోజు తారు రోడ్డే పట్టండి, ఓపిగ్గా ఎడమ అంచున వెళ్ళండి.

పెద్ద కాలువ లోపలి వాలు నున్నగా, పాచి పట్టి ఉంటుంది. నీళ్ళు పైకి నెమ్మదిగా కనిపించినా లోపల ఉరవడి ఉంటుంది. ముఖం కడుక్కోవడానికి, సీసా ముంచుకోవడానికి కూడా కిందికి దిగకండి. నా దగ్గర నేర్చుకునే ప్రతి ఒక్కరికీ నేను పెట్టే ఒకే ఒక్క నిషేధం ఇది. నీళ్ళు ఇంటి నుంచే రెండు లీటర్లు తీసుకెళ్ళండి, ఎండలో తొక్కే ప్రతి గంటకూ కనీసం అర లీటరు తాగండి. అయిపోతే ఊళ్ళో నల్లా నీళ్ళు అడగండి. ఈ జిల్లా బోరు నీళ్ళలో ఫ్లోరైడు ఎక్కువని, దానితో ఎముకల జబ్బు వస్తుందని అందరికీ తెలిసిందే. ఆ జబ్బు ఏళ్ళ తరబడి తాగితే వచ్చేది, ఒక్కరోజు బోరు నీళ్ళతో రాదు. కానీ ఉప్పదనం ఉన్న బోరు నీళ్ళతో దాహం తీరదు.

నవంబరులో వానాకాలం పంట, ఏప్రిల్లో యాసంగి పంట చేతికొస్తుంది. అప్పుడు రోడ్డు సగం దాకా వడ్లు ఆరబోస్తారు, అంచుల్లో రాళ్ళు పేరుస్తారు. వడ్ల మీద బ్రేకు పట్టదు, చక్రం జారుతుంది. అంతకంటే ముందు, అది ఒక కుటుంబం ఆరునెలల కష్టం. మిగిలిన సగంలో ఎదురుగా బండి వస్తుంటే దిగి పక్కన నిలబడండి. వడ్ల మీదుగా తొక్కొద్దు. రాళ్ళు చీకట్లో కనబడవు. పొద్దుగూకకముందే ఇల్లు చేరాలనడానికి ఇదీ ఒక కారణం. మిల్లుల దగ్గర ఊక దుమ్ము గాలికి లేస్తుంది, కళ్ళద్దాలు పెట్టుకోండి.

సాధన

ఈ వారం పానగల్లు పూటను కాగితం మీద వేసి, వెళ్ళి రండి. తిరిగొచ్చాక ప్రతి మజిలీ పక్కన నిజంగా ఎంతసేపు పట్టిందో రాయండి. చాలామందికి తొక్కిన టైము దాదాపు లెక్క ప్రకారమే వస్తుంది. ఆగిన టైము మాత్రం రాసుకున్న దాని కంటే ఎక్కువవుతుంది. ఎంత ఎక్కువైందో చూసి, వాడపల్లి రోజు వేసేటప్పుడు ఆగే చోట్లన్నిటికీ అంతమేర కలపండి. కలిపాక టైము చాలకపోతే ఒక మజిలీ తీసేయండి. వేగం అంకె పెంచి లెక్క సరిచేసుకోవద్దు.

కట్టల మీద పల్లేరుకాయలు, సర్కారు తుమ్మ ముళ్ళు తప్పవు కాబట్టి వచ్చే పాఠం పంక్చరు గురించి. అప్పటికి రెండు టైరు లీవర్లు, సొల్యూషన్ ట్యూబు, నాలుగు ప్యాచ్‌లు, చిన్న గరుకు కాగితం ముక్క, చేతి పంపు కొని ఉంచుకోండి. పంపు మీ ట్యూబు వాల్వుకు పడుతుందో లేదో షాపులోనే పెట్టి చూసి తీసుకోండి.