ఏరువాకకు ముందే మట్టి, బోరు నీళ్ల పరీక్ష: జాగ్రత్తలు

• తాగే బోరైతే ముందు ఫ్లోరైడ్ చూపించండి. లీటరుకు 1.5 మిల్లీగ్రాములు దాటితే ఆ నీళ్లు తాగొద్దు. కాచినా పోదు, రుచికీ తెలియదు. నల్గొండలో ఫ్లోరైడ్ నీళ్లతో వంగిన నడుములు చూసినవాళ్లకు వేరే చెప్పక్కర్లేదు.

• మోటారు పది నిమిషాలు ఆడాకే సీసా పట్టండి. పైపులో నిల్వ ఉన్న నీళ్లు ఫలితాన్ని మార్చేస్తాయి. పురుగుమందు డబ్బా ఎంత కడిగినా వద్దు.

• మట్టి ఎరువు వేయకముందే తీయండి. గట్టు పక్క, చెట్టు కింద, పెంటకుప్ప పోసిన చోటు వదిలేయండి. ఎకరాకు ఎనిమిది పది చోట్ల, పైచెత్త తీసేసి, 15 సెంటీమీటర్ల లోతున ‘వి’ ఆకారంలో గుంట తవ్వి, దాని అంచు నుంచి పైనుంచి కిందదాకా పలచగా చెక్కి, అన్నీ కలిపి అరకిలో ఉంచండి.

• చౌడు మడి మట్టి విడిగా కట్టండి. కలిపితే రెండు మళ్లకూ ఎరువు మోతాదు తప్పుతుంది.