ఇంగ్లీషు క్రియలతో చెలిమి – 4వ పాఠం: గెట్

కిందటి రెండు పాఠాల్లో 'బీ', 'హావ్' చూశాం. ఒకటి ఉండటం, ఇంకొకటి కలిగి ఉండటం. రెండూ ఉన్నదాన్ని ఉన్నట్టు చెప్తాయి గానీ, అది ఎలా వచ్చిందో చెప్పవు. ఆ పని చేసేది 'గెట్'. బడిలో మనలో చాలామందికి గెట్ అంటే 'పొందు' అని నేర్పారు. ఆ అర్థం తప్పు కాదు, కానీ దాన్నే పట్టుకుని కూర్చుంటే 'ఇట్స్ గెటింగ్ డార్క్' అన్న చిన్న వాక్యం దగ్గరే ఆగిపోతాం. అక్కడ ఎవరు ఏం పొందుతున్నారు? అందుకే ఈ పాఠం అయ్యేదాకా 'పొందు'ని కాస్త పక్కన పెట్టండి. గెట్ అంటే మార్పు. లేనిది చేతికి రావడం, ఒక చోటి నుంచి మరో చోటికి చేరడం, ఒక స్థితిలోంచి మరో స్థితిలోకి వెళ్లడం. ఈ పాఠంలో మిగతాదంతా దీని మీదే నడుస్తుంది.

ముందు పుట్టుక చూద్దాం. వాడకంలో వచ్చే చిక్కులు సగం అక్కడే విడిపోతాయి.

క్రీ.శ. 793లో ఇంగ్లండు ఈశాన్య తీరంలోని లిండిస్ఫార్న్ మఠం మీద వైకింగులు, అంటే స్కాండినేవియా నుంచి ఓడల్లో వచ్చినవాళ్లు, దాడి చేశారు. మొదట దోచుకుపోవడానికి వచ్చినవాళ్లు, తర్వాతి శతాబ్దంలో ఉత్తర, తూర్పు ఇంగ్లండులో పొలాలు దున్నుకుంటూ స్థిరపడిపోయారు. వాళ్లు మాట్లాడేది పాత నార్స్ భాష. ఇంగ్లీషుకి అది దగ్గరి చుట్టం కావడంతో ఇరుగుపొరుగు మాటలు తేలిగ్గా కలిసిపోయాయి. 'దే', 'టేక్', 'స్కై', 'ఎగ్', 'నైఫ్' అలా వచ్చి చేరినవే. గెట్ కూడా అంతే. నార్స్ భాషలో 'గెటా' అంటే చేజిక్కించుకోవడం, కనడం, ఊహించడం. ఇంగ్లీషు రాతల్లో గెట్ దాదాపు 1200 ప్రాంతం నుంచి కనిపిస్తుంది.

నిజానికి పాత ఇంగ్లీషులోనూ ఇదే వేరు నుంచి మొలిచిన మాటలున్నాయి. అయితే అవి ఎక్కువగా ముందు ఒక ఉపసర్గ తగిలించుకునే కనిపిస్తాయి. ఇవాళ్టి 'ఫర్గెట్', 'బిగెట్' వాటి వారసులే. అప్పట్లో ఆ మాటల్లో 'గ' అక్షరాన్ని 'య'లా పలికేవారు. నార్స్ గెట్ ప్రభావంతోనే అది గట్టి 'గ' అయింది. ఫర్గెట్‌ని విడదీసి చూడండి: చేతిలో ఉన్నదాని పట్టు జారిపోవడం. మరుపంటే అదేగా! బిగెట్ అంటే సంతానాన్ని కనడం. 1611 నాటి ఇంగ్లీషు బైబిల్లో అబ్రాహాము ఇస్సాకును 'బిగాట్' అని ఉంటుంది. తెలుగు బైబిల్లో 'కనెను' అని చదివే చోటు అది.

ఇంకా లోతుకి వెళ్తే, భాషావేత్తలు ఈ మాటలన్నిటికీ 'పట్టుకోవడం' అనే అర్థం ఉన్న ఒక ఇండో-యూరోపియన్ మూలాన్ని, అంటే యూరప్, ఉత్తర భారత భాషల్లో చాలావాటికి తల్లి లాంటి పాత భాషలోని వేరుని, చూపిస్తారు. లాటిన్‌లో 'ప్రెహెండెరె' అనే క్రియ ఆ మూలం నుంచే వచ్చింది. దాని నుంచి ఇంగ్లీషుకి 'అప్రెహెండ్', 'కాంప్రెహెండ్', 'ప్రిజన్' వచ్చాయి. కాబట్టి స్నేహితుడితో 'ఐ గెట్ ఇట్' అన్నా, పరీక్షలో 'ఐ కాంప్రెహెండ్' అని రాసినా వాడుతున్నది ఒకే వేరు. విషయాన్ని బుద్ధితో పట్టుకున్నాం అనడమే. మనమూ 'లెక్కలు పట్టుబడ్డాయి' అంటాం కదా.

చేత్తో పట్టుకోవడం దగ్గర మొదలైన మాట మెల్లమెల్లగా ఎలా విస్తరించిందో చూడండి. మొదట వస్తువు చేతికి వచ్చింది. తర్వాత మనిషే ఒక చోటికి చేరాడు: 'వియ్ గాట్ హోమ్'. 16వ శతాబ్దం చివరికి మనిషి ఒక స్థితికి చేరాడు: 'హి గాట్ సిక్'. ఇక్కడే మనవాళ్లు ఎక్కువగా తడబడతారు కాబట్టి కాసేపు ఇక్కడే ఆగుదాం.

'ఐ వాజ్ వెట్', 'ఐ గాట్ వెట్'. మొదటిదానికి తెలుగు 'తడిసి ఉన్నాను', రెండోదానికి 'తడిశాను'. ఒకటి బొమ్మ, ఒకటి ఘటన. వాన ఎప్పుడు మొదలైంది, ఏం జరిగింది అని చెప్తున్నప్పుడు 'గాట్' కావాలి. తలుపు తీసేసరికి మీరు ఎలా కనిపించారో చెప్పాలంటే 'వాజ్' కావాలి. 'దే ఆర్ మ్యారీడ్' అంటే వాళ్లు భార్యాభర్తలు. 'దే గాట్ మ్యారీడ్' అంటే వాళ్ల పెళ్లయింది. ఏ సంవత్సరంలో అని అడగాలంటే రెండోదాన్నే అడుగుతాం. 'బీ' స్థితి అయితే, ఆ స్థితిలోకి అడుగుపెట్టిన క్షణం 'గెట్'.

ఇప్పుడు మన భాష వేసే చిక్కు. తెలుగులో కోపం వస్తుంది, నిద్ర వస్తుంది, జ్వరం వస్తుంది. అన్నీ నామవాచకాలే, అన్నిటికీ ఒకటే 'వస్తుంది'. దాన్ని అలాగే దించితే 'ఐ గాట్ యాంగర్', 'ఐ గాట్ స్లీప్' అని వస్తుంది. ఇంగ్లీషులో మనసుకీ ఒంటికీ కలిగే భావాలకి గెట్ తర్వాత విశేషణం పెట్టాలి: 'ఐ గాట్ యాంగ్రీ', 'ఐ గాట్ స్లీపీ', 'ఐ గాట్ హంగ్రీ'. జబ్బుకైతే నామవాచకమే సరిపోతుంది: 'ఐ గాట్ ఎ ఫీవర్'. తమాషా ఏమిటంటే 'ఐ గాట్ సమ్ స్లీప్' మాత్రం సరైన వాక్యమే, కానీ అర్థం వేరు. నిద్ర వచ్చిందని కాదు, కాస్త నిద్రపోగలిగానని.

ఇదే దారిలో ఇంకో గుంట. మార్పు చెప్పేది గెట్ కదా అని 'నేను డాక్టర్ అయ్యాను' అనడానికి 'ఐ గాట్ ఎ డాక్టర్' అంటే ఎదుటివాళ్లకి 'నాకు డాక్టర్ దొరికారు' అని అర్థమవుతుంది. గెట్ పక్కన నామవాచకం వస్తే అది చేతికి దొరికినదే అవుతుంది. 'అవడం' అనే అర్థం రావాలంటే పక్కన విశేషణం ఉండాలి. డాక్టర్, తల్లి, నాయకుడు లాంటి వాటికి 'బికమ్' వాడాల్సిందే.

ఇక నాకు ఈ పాఠంలో బాగా ఇష్టమైన భాగం. తెలుగులో చేయడం వేరు, చేయించడం వేరు. ఒక్క 'ఇంచు' చేరితే చాలు, పని చేసిన చెయ్యి మారిపోతుంది. ఇంగ్లీషు క్రియకి అలాంటి తోక లేదు. అందుకే చాలామంది 'ఐ రిపేర్డ్ మై ఫోన్' అనేస్తారు. విన్నవాళ్లు మీరే స్క్రూలు విప్పి బాగుచేశారనుకుంటారు. 'ఐ కట్ మై హెయిర్' అన్నా అంతే, మీరే కత్తెర పట్టుకున్నట్టు. ఆ 'ఇంచు' పని ఇంగ్లీషులో గెట్ చేస్తుంది: 'ఐ గాట్ మై ఫోన్ రిపేర్డ్', 'ఐ గాట్ మై హెయిర్ కట్'. వరుస గమనించండి. గెట్, తర్వాత వస్తువు, ఆ తర్వాత క్రియ మూడో రూపం. వస్తువుని మధ్యలోంచి తీసి చివర పెడితే వాక్యం కూలిపోతుంది.

చేసిన మనిషిని కూడా చెప్పాలంటే వరుస మారుతుంది: 'ఐ గాట్ హిమ్ టు సైన్'. ఇక్కడ 'టు' తప్పనిసరి. 'ఐ మేడ్ హిమ్ సైన్'లో 'టు' ఉండదు. అర్థంలోనూ తేడా ఉంది. మేక్ అంటే బలవంతం, ఇష్టం లేకపోయినా పెట్టించాను అని. గెట్ అంటే నచ్చజెప్పి, బతిమాలి, ఎలాగోలా ఒప్పించి పెట్టించాను అని. చేజిక్కించుకోవడానికి పడే శ్రమ ఆ మాటలో ఇంకా మిగిలే ఉంది.

'ఐ గాట్ టు సీ హర్', 'ఐ హావ్ గాట్ టు సీ హర్' – ఈ రెండిటినీ కలిపేయకండి. మొదటిది ఆమెను చూసే అవకాశం దొరికిందని. నార్స్‌కి వారసురాలైన నేటి ఐస్లాండ్ భాషలో 'గెటా' అంటే చేయగలగడం. ఆ భావానికి ఇది దగ్గరి బంధువు. రెండోది ఆమెను చూసి తీరాలని. మాటల్లో 'హావ్' సగం మింగేసి 'ఐ గాటా సీ హర్' అనేస్తారు, కాబట్టి వినేటప్పుడు 'గాటా' పడిందా లేదా అన్నది చెవి పెట్టి పట్టుకోవాలి.

'ఐ హావ్ గాట్ ఎ కార్' అంటే కారు ఉంది అని. సంపాదించేశాను కాబట్టి ఇప్పుడు ఉంది, అంతే లెక్క. అమెరికాలో 'ఐ హావ్ గాటెన్ ఎ కార్' అని కూడా అంటారు. అది ఉండటం కాదు, కారు తీసుకున్నాను అని. గాటెన్ అమెరికన్లు పుట్టించిన రూపం అనుకుంటారు గానీ, అది ఒకప్పుడు ఇంగ్లండులోనూ నడిచినదే. 'ఫర్గాటెన్'లో ఇప్పటికీ ఉంది.

గెట్ పక్కన చేరే చిన్న మాటల జాబితా చూసి టెన్షన్ పడకండి, బట్టీ అస్సలు పట్టకండి. గెట్ కదలిక చెప్తుంది, పక్కమాట దిక్కు చెప్తుంది. 'గెట్ ఓవర్' అంటే దాటి అవతలికి చేరడం. దాటేది గోడ కావచ్చు, జబ్బు కావచ్చు, దుఃఖం కావచ్చు. 'గెట్ బై' అంటే ఉన్నంతలో ఎలాగోలా నెట్టుకురావడం. 'గెట్ అవే విత్' అంటే చేసిన తప్పుతో సహా దర్జాగా జారుకోవడం. బస్సు, రైలు, విమానం ఎక్కితే 'గెట్ ఆన్'. కారు, టాక్సీ అయితే 'గెట్ ఇన్'. లోపల నిలబడి నడవగలిగే బండికి ఆన్, వంగి కూర్చోవాల్సిన బండికి ఇన్ అని గుర్తుపెట్టుకుంటే చాలావరకు సరిపోతుంది. దిగేటప్పుడు వరుసగా 'గెట్ ఆఫ్', 'గెట్ అవుట్ ఆఫ్'.

గెట్ మరీ మామూలు మాట, రాతలో వాడొద్దు అనే ఉపాధ్యాయులున్నారు. దరఖాస్తులోనో నివేదికలోనో 'రిసీవ్', 'అబ్టెయిన్', 'బికమ్' రాయడం మంచిదే, ఒప్పుకుంటాను. కానీ మాట్లాడేటప్పుడు గెట్‌ని తప్పించుకుంటూ తిరిగేవాళ్ల ఇంగ్లీషు ఎప్పటికీ బిగుసుకుపోయినట్టే ఉంటుంది. ముందు నోటికి అలవాటు చేసుకోండి.

ఈ వారం అభ్యాసం. కింది వాక్యాలను గెట్ వాడి పైకి పలుకుతూ రాయండి. ఒకదానికి మాత్రం గెట్ పనికిరాదు, అదేదో కనిపెట్టి సరైన క్రియ వేయండి.

చలి పెరుగుతోంది. నిన్న కళ్లు పరీక్ష చేయించుకున్నాను. ఆమె చివరికి టీచర్ అయింది. బస్సు దిగాక ఫోన్ చెయ్యి. ఎలాగోలా వాణ్ని ఒప్పించి అన్నం తినిపించాను. ఆ గాయకుడిని దగ్గరి నుంచి చూసే అవకాశం దొరికింది. అతను ఎందుకు నవ్వాడో నాకు అర్థం కాలేదు.

జవాబులు వచ్చే పాఠం మొదట్లో ఇస్తాను. వచ్చే పాఠం 'టేక్'.