పండగ సేల్‌కి ముందే క్లౌడ్‌లో సీటు ఆపుకోండి

దసరా సేల్ మొదలవడానికి ఇరవై నిమిషాలుంది. అప్పట్లో నేను పనిచేసే సంస్థ చీరలు, పిల్లల బట్టలు ఆన్‌లైన్‌లో అమ్మేది. సైటు నడిచేది క్లౌడ్‌లో, అంటే అమెజాన్ లాంటి పెద్ద కంపెనీల దగ్గర అద్దెకి తీసుకున్న కంప్యూటర్ల మీద. పక్క సీట్లోంచి మా కుర్రాడు "అన్నా, కొత్త మెషీన్లు లేవట్లేదు" అన్నాడు. స్క్రీన్ మీద ఒకటే ఎర్ర లైను మళ్లీ మళ్లీ పడుతోంది: కెపాసిటీ లేదు, కాసేపాగి ప్రయత్నించండి. నలభై అడిగితే పదకొండు వచ్చాయి. మేనేజర్ గారు వెనకాల నిలబడి "ఏడాదికి రిజర్వ్ చేసి డబ్బు కూడా ముందే కట్టేశాం కదయ్యా, మరి మన మెషీన్లు మనకివ్వరేం?" అని అడిగారు. ఆయన అడిగిన దాంట్లో తప్పు లేదు. డబ్బు కట్టిన మాట నిజమే. కాకపోతే కట్టింది రేటు తగ్గడానికి. సీటు ఆపుకోవడానికి మేం పైసా కట్టలేదు. ఆ తేడా ఆ రాత్రి దాకా మాలో ఎవరికీ తెలీదు. వేరే సైజులు, వేరే జోన్లు (ఆ కంప్యూటర్లు ఉండే వేరే చోట్లు) వెతికి గండం గట్టెక్కేసరికి ఒంటిగంటన్నర అయింది. అప్పటికే చీరలు ఎంచి పెట్టుకున్నవాళ్లు విసిగి వెళ్లిపోయారు.

పండగ సేల్ కావచ్చు, పరీక్ష ఫలితాలు కావచ్చు, కౌన్సెలింగ్ కావచ్చు. జనమంతా ఒకే గంటలో వచ్చిపడే పని మీ చేతిలో ఉంటే, కనీసం నెల ముందు ఇది చదవండి.

కార్డు వేరు, సీటు వేరు

ఆర్టీసీలో క్యాట్ కార్డు గుర్తుందా? ఏడాదికోసారి కొనుక్కుంటే టికెట్ మీద పది శాతం తగ్గేది. సంక్రాంతి ముందురోజు ఎంజీబీఎస్‌లో ఆ కార్డు చూపిస్తే చార్జీ తగ్గుతుందేమో గానీ సీటు రాదు. సీటుకి విడిగా రిజర్వేషన్ చేయించుకోవాల్సిందే. క్లౌడ్‌లోనూ అచ్చం ఇంతే. చిక్కల్లా రెండింటికీ "రిజర్వ్" అనే మాటే వాడటంతో వచ్చింది.

అమెజాన్ ఏడబ్ల్యూఎస్‌లో సేవింగ్స్ ప్లాన్లు, రీజియన్ (కొన్ని జోన్లు కలిసిన ప్రాంతం) మొత్తానికి కొనే రిజర్వ్‌డ్ ఇన్‌స్టెన్సులు (ఇన్‌స్టెన్సు అంటే ఒక అద్దె మెషీన్) కార్డు లాంటివి. ఏడాదికో మూడేళ్లకో మాట ఇస్తారు, బిల్లు తగ్గుతుంది, అంతే. ఒక్క జోన్‌కి కట్టేసి కొన్న రిజర్వ్‌డ్ ఇన్‌స్టెన్సుకి మాత్రం సీటు కూడా వస్తుంది. సీటు కోసమే పెట్టింది ఆన్-డిమాండ్ కెపాసిటీ రిజర్వేషన్. 2018లో వచ్చింది. ఏడాది ఒప్పందాలేమీ ఉండవు. తీసుకున్న క్షణం నుంచి మెషీన్ నడిచినా నడవకపోయినా మామూలు రేటు పడుతుంది, వద్దనుకున్నప్పుడు రద్దు చేసుకోవచ్చు. మైక్రోసాఫ్ట్ అజ్యూర్‌లోనూ రిజర్వ్‌డ్ వీఎం ఇన్‌స్టెన్సులు తగ్గింపుకి, ఆన్-డిమాండ్ కెపాసిటీ రిజర్వేషన్ సీటుకి. గూగుల్‌లో కమిటెడ్ యూజ్ డిస్కౌంట్ కార్డు, రిజర్వేషన్ సీటు. రెండూ కలిపి వాడుకోవచ్చు, సీటు బిల్లు మీద కార్డు తగ్గింపు కూడా పడుతుంది. కాబట్టి ఈ రోజే మీ అకౌంట్స్ వాళ్లనో, కొనుగోలు చూసినవాళ్లనో ఒక్క ప్రశ్న అడగండి: మనం కొన్నది కార్డా, సీటా?

"క్లౌడ్‌కి హద్దేముంది, ఎన్ని అడిగితే అన్నిస్తారు" అని మీటింగుల్లో ఇప్పటికీ వింటుంటాను. ఒక జోన్ అంటే ఒకటో కొన్నో డేటా సెంటర్లు. వాటిలో ఫలానా రకం మెషీన్లు లెక్కకే ఉంటాయి. 2020 మార్చిలో కోవిడ్ వచ్చినప్పుడు కొన్ని ప్రాంతాల్లో కెపాసిటీ సరిపోక, ఆసుపత్రులు, అత్యవసర సేవలకే ముందు ప్రాధాన్యం ఇస్తామని మైక్రోసాఫ్ట్ బాహాటంగానే చెప్పింది. మనకైతే దేశంలో పెద్ద సేల్స్ అన్నీ ఇంచుమించు అవే రోజుల్లో పడతాయి. మీకు రద్దీ ఉన్న గంటలోనే పక్కవాడికీ రద్దీ.

ముందు కోటా

సీటు కంటే ముందు తేల్చుకోవాల్సింది కోటా. మీ ఖాతాకి ఈ రీజియన్‌లో ఇన్ని కోర్ల (కంప్యూటర్‌లో లెక్కలు చేసే భాగాలు) దాకా వాడే అనుమతి ఉందని చెప్పేది కోటా. అది అడిగే హక్కు మాత్రమే, అక్కడ మెషీన్ ఉందని హామీ కాదు. కోటా చాలకపోతే ఒక రకం ఎర్రర్ వస్తుంది, మెషీన్లే లేకపోతే ఇంకో రకం. ఏడబ్ల్యూఎస్‌లో మొదటిది వీసీపీయూ లిమిట్ ఎక్సీడెడ్, రెండోది ఇన్‌సఫిషియెంట్ ఇన్‌స్టెన్స్ కెపాసిటీ. అర్ధరాత్రి ఫోన్ చేసిన కుర్రాడు ఏది చెబుతున్నాడో తెలిస్తే సగం టెన్షన్ తగ్గుతుంది. కోటా పెంచమని నెల ముందే అడిగి పెట్టండి. ఆఖరి వారంలో అడిగితే జవాబు ఎప్పుడొస్తుందో మన చేతిలో ఉండదు.

కోటా రీజియన్‌కి రీజియన్ వేరు. ఏడబ్ల్యూఎస్‌కి మన దేశంలో ముంబైలో 2016 నుంచి, హైదరాబాద్‌లో 2022 నవంబర్ నుంచి రీజియన్లున్నాయి. ముంబై నిండితే హైదరాబాద్‌కి మళ్లుదాం అనుకునేవాళ్లు అక్కడ ఖాతాని విడిగా ఎనేబుల్ చేసుకోవాలి, కోటా మళ్లీ అడగాలి, మీరు వాడే మెషీన్ రకం అక్కడ దొరుకుతుందో లేదో చూసుకోవాలి. డేటాబేస్ ముంబైలో ఉండి వెబ్ మెషీన్లు మాత్రం హైదరాబాద్‌లో పెడితే ప్రతి క్లిక్కూ నెమ్మదిస్తుంది, ఆ సంగతీ ముందే తేల్చుకోండి.

సీటు నంబరు కలవాలి

ఎక్కువమంది దెబ్బతినేది ఇక్కడే. సీటు తీసుకుంటారు, డబ్బు కడతారు, మెషీన్ వెళ్లి వేరేచోట కూర్చుంటుంది. రిజర్వేషన్‌కీ, మీరు లేపే మెషీన్‌కీ రకం, సైజు, ఆపరేటింగ్ సిస్టమ్, జోన్ అన్నీ కలవాలి. రిజర్వేషన్ మామూలు లినక్స్‌కి తీసుకుని, మెషీన్లు రెడ్ హ్యాట్ లినక్స్ మీద లేపితే కలవవు. ఎక్స్‌లార్జ్ తీసుకుని టూ-ఎక్స్‌లార్జ్ లేపినా కలవవు. రిజర్వేషన్ అంతా ఒకే జోన్‌లో ఉండి, రద్దీని బట్టి మెషీన్లని తనంతట తానే పెంచే ఆటోస్కేలింగ్ మూడు జోన్లకీ సమానంగా పంచుతుంటే మూడింట రెండొంతులు బయటే నిలబడతాయి. పైగా జోన్ పేర్లు నమ్మడానికి లేదు. ఒక ఖాతాలో చివర "ఎ" అని ఉన్న జోన్ ఇంకో ఖాతాలో "బి" కావచ్చు. రెండు ఖాతాల మధ్య రిజర్వేషన్ పంచుకుంటుంటే పేరు వదిలేసి జోన్ ఐడీ చూడండి.

ఇంకో సంగతి. ఏడబ్ల్యూఎస్‌లో రిజర్వేషన్ ఓపెన్ అని పెడితే, కలిసే మెషీన్ ఏదైనా అందులో కూర్చుంటుంది. ఇప్పటికే నడుస్తున్నవి కూడా. మీ జోన్‌లో ఆ రకానివి పదిహేను నడుస్తున్నాయనుకోండి. నలభైకి రిజర్వేషన్ తీసుకున్న మరుక్షణం ఆ పదిహేనూ ఎక్కి కూర్చుంటాయి, సేల్ రాత్రికి మిగిలేది ఇరవై అయిదే. టెస్టింగ్ టీం అదే ఖాతాలో ఉంటే వాళ్ల మెషీన్లు కూడా ఎక్కుతాయి. టార్గెటెడ్ అని పెడితే ఆ బెడద లేదు గానీ, లాంచ్ టెంప్లేట్‌లో (మెషీన్ ఎలా లేపాలో రాసి ఉంచే నమూనా) ఆ రిజర్వేషన్ ఐడీ రాయాలి. రాయడం మరిచిపోతే మెషీన్లు బయట లేస్తాయి, రిజర్వేషన్ ఖాళీగా ఉంటుంది, రెండింటికీ బిల్లు పడుతుంది.

అందుకే వారం ముందు ఒక రిహార్సల్ చేయండి. సేల్ రోజు వాడబోయే అదే టెంప్లేట్‌తో అయిదు మెషీన్లు లేపి, రిజర్వేషన్ పేజీలో "వాడినవి" అనే అంకె ఎంత పెరిగిందో చూడండి. అయిదు పెరగాలి. సున్నా దగ్గరే ఉంటే పైన చెప్పినవాటిలో ఏదో ఒకటి కలవలేదని అర్థం. ఇది పది నిమిషాల పని. దయచేసి దీన్ని మాత్రం దాటవేయకండి.

మెషీన్లున్నా అడ్రసులుండాలి

ప్రతి మెషీన్‌కీ నెట్‌వర్క్‌లో ఒక అడ్రసు కావాలి. ఆ అడ్రసుల గుంపే సబ్‌నెట్. స్లాష్ 24 అనే సైజు సబ్‌నెట్‌లో అడ్రసులు 256. అందులో అయిదు ఏడబ్ల్యూఎస్ తనకే ఉంచుకుంటుంది, మీకు మిగిలేవి 251. కంటెయినర్లు (ఒకే మెషీన్‌లో విడివిడిగా నడిచే ప్రోగ్రాం పొట్లాలు) వాడేవాళ్లకి ఒక్కో పాడ్‌కీ, అంటే కలిసి నడిచే కంటెయినర్ల జట్టుకీ, ఒక అడ్రసు పోయే ఏర్పాటుంటే ఇవి ఎంతసేపట్లో అయిపోతాయో లెక్కేసుకోండి. డేటాబేస్‌దీ ఇదే కథ. వెబ్ మెషీన్లు పదింతలు చేస్తే కనెక్షన్లూ పదింతలవుతాయి. డేటాబేస్‌కి కొనే రిజర్వ్‌డ్ ప్లాన్ కూడా తగ్గింపు కార్డే, సీటు కాదు. పెద్ద సైజుకి మార్చాలనుకుంటే నాలుగు రోజుల ముందే మార్చేయండి. పేమెంట్ గేట్‌వే, ఓటీపీ పంపేవాళ్లకి మీ అంచనా అంకెలు ముందే చెప్పి ఉంచండి.

తేదీల దగ్గర పిసినారితనం వద్దు

2019 ప్రపంచకప్ సెమీఫైనల్, భారత్-న్యూజిలాండ్. మాంచెస్టర్‌లో జులై 9న మొదలై వానతో ఆగి, 10న రిజర్వ్ డేలో ముగిసింది. ఆ మ్యాచ్‌ని హాట్‌స్టార్‌లో ఒకేసారి 2.53 కోట్ల మంది చూశారు. 9వ తేదీ రాత్రితో ముగిసేలా మెషీన్లు పెట్టుకున్నవాళ్ల గతేమిటో ఊహించుకోండి. మీ సేల్‌కీ పొడిగింపు ఉంటుంది, ఫలితాలకీ వాయిదా ఉంటుంది. రిజర్వేషన్ ముగింపు తేదీకి రెండు రోజులు కలపండి. గడువు దాటినా నడుస్తున్న మెషీన్లు ఆగిపోవు, మామూలు మెషీన్లుగా నడుస్తూనే ఉంటాయి. ఆపి మళ్లీ లేపబోతేనే సీటు ఉండకపోవచ్చు. రాత్రి ఆపి పొద్దున లేపే అలవాటున్న టీములు సేల్ వారమంతా ఆ అలవాటు పక్కన పెట్టాలి.

ముందే లేపి ఉంచడానికి ఇంకో కారణముంది. 2025 అక్టోబర్ 20న ఏడబ్ల్యూఎస్ వర్జీనియా రీజియన్‌లో పెద్ద అంతరాయం వచ్చినప్పుడు, అప్పటికే నడుస్తున్న మెషీన్లు బాగానే ఉన్నాయి, కొత్తవి లేపడమే గంటల తరబడి కుదరలేదు. లేపే యంత్రాంగమే చెడితే చేతిలో రిజర్వేషన్ ఉండీ ఏం లాభం? సేల్ రాత్రి పన్నెండుకైతే, సాయంత్రం ఆరుకల్లా మెషీన్లన్నీ లేచి ఉండాలి. సీటుకి ఎలాగూ డబ్బు కడుతున్నారు, ఖాళీగా ఉంచితే మిగిలేదేమీ లేదు.

చవగ్గా వస్తున్నాయని స్పాట్ మెషీన్ల (క్లౌడ్ కంపెనీ దగ్గర ఖాళీగా మిగిలినవి) మీద సేల్ నడపకండి. ఏడబ్ల్యూఎస్ రెండు నిమిషాల ముందు, గూగుల్, అజ్యూర్ ముప్పై సెకన్ల ముందు చెప్పి వెనక్కి తీసేసుకుంటాయి. రిపోర్టులకి, ఫొటోల సైజు మార్చే పనులకి వాడుకోండి, చెల్లింపుల పేజీకి మాత్రం వద్దు.

రద్దు చేసేది ఎవరు

సేల్ అయ్యాక అందరూ అలసిపోయి దీపావళికి ఊరెళ్తారు. రిజర్వేషన్ అలాగే ఉండిపోతుంది. గంటకి 20 రూపాయల మెషీన్లు నలభై అనుకుందాం. గంటకి 800. ఒక నెల, అంటే 720 గంటలు ఎవరూ చూడకపోతే 5,76,000 రూపాయలు. అందుకే తీసుకునేటప్పుడే ముగింపు తేదీ పెట్టండి, రద్దు చేసే మనిషి పేరు రాసి పెట్టండి, ఆ మనిషి సెలవులో ఉంటే చూసే రెండో మనిషి పేరు కూడా. ఖాళీ సీట్ల సంఖ్య ఒక రోజంతా తగ్గకుండా ఉంటే ఫోన్ మోగేలా అలారం పెట్టండి. అన్నీ ఒకేలా రద్దవుతాయనుకోవద్దు. జీపీయూల (ఏఐ లాంటి భారీ లెక్కలకి వాడే చిప్పులు) కోసం ఏడబ్ల్యూఎస్ ఇచ్చే కెపాసిటీ బ్లాకులకి డబ్బు ముందే కట్టాలి, తీసుకున్నాక రద్దు ఉండదు. రాబోయే తేదీకి తీసుకునే రిజర్వేషన్లలో కూడా ఇన్ని రోజులు ఉంచుకుంటానని ఒప్పుకున్న గడువు తీరేదాకా వదలడం కుదరదు. కొనే బటన్ నొక్కేముందే ఆ షరతు చదివి, రద్దు తేదీని ఇద్దరి క్యాలెండర్లలోనూ వేసేయండి.