లేఆఫ్ అయ్యాక ముందు పీఎఫ్ ఖాతా చూసుకోండి

ఐటీలో ఉద్యోగం పోగానే అందరం రెజ్యూమె పట్టుకుని కూర్చుంటాం. అంతకంటే ముందు పీఎఫ్ చూసే ప్రభుత్వ సంస్థ ఈపీఎఫ్‌ఓ సైట్‌లో యూఏఎన్‌తో (ఉద్యోగం మారినా మారని మన పీఎఫ్ నంబర్) లాగిన్ అయి సర్వీస్ హిస్టరీ తెరవండి. పాత కంపెనీలో చేరిన తేదీ, మానేసిన తేదీ రెండూ సరిగ్గా ఉన్నాయా? బ్యాక్‌గ్రౌండ్ వెరిఫికేషన్‌లో (చేర్చుకునే ముందు మన వివరాలు సరిచూసుకోవడం) చాలా కంపెనీలు ఈ తేదీలనే మన రెజ్యూమెతో పోల్చి చూస్తాయి. నాకు ఆఫర్ వచ్చాక ఇక్కడే ఆగింది. పాత కంపెనీ నా ఎగ్జిట్ తేదీ వేయలేదు, ఇంకా అక్కడే పనిచేస్తున్నట్టు కనిపించింది. మూడు వారాలు టెన్షన్‌తో నిద్ర పట్టలేదు.

కంపెనీ వేయకపోతే ఆ తేదీ మనమే వేసుకోవచ్చు. చివరి పీఎఫ్ జమ అయ్యాక రెండు నెలలు ఆగాలి. ఆ తర్వాత 'మేనేజ్' మెనూలో 'మార్క్ ఎగ్జిట్' నొక్కితే ఆధార్‌కు లింకైన ఫోన్‌కు ఓటీపీ వస్తుంది. ఒకసారి వేశాక మార్చుకోవడం కష్టం, అందుకే రిలీవింగ్ లెటర్ ఎదురుగా పెట్టుకుని వేయండి.

గ్యాప్ కనబడకూడదని మాత్రం తేదీలు సాగదీయకండి. లేఆఫ్ వల్ల ఖాళీ వచ్చిందని ఒక్క వాక్యంలో రాస్తే చాలు, అందులో తప్పేమీ లేదు. పైగా ఖాళీగా ఉండటం ఒక రకంగా మనకు కలిసొస్తుంది కూడా. నౌక్రీ జాబ్ సైట్ ప్రొఫైల్‌లో నోటీస్ పీరియడ్ (రాజీనామా చేశాక పాత కంపెనీలో ఉండాల్సిన రోజులు) '15 రోజులు లేదా తక్కువ' అని పెట్టండి. 90 రోజుల నోటీసు ఉన్నవాళ్లే ఎక్కువ కాబట్టి, అర్జెంటుగా మనిషి కావాల్సిన రిక్రూటర్లు ఈ ఫిల్టర్ పెట్టే వెతుకుతారు.