ఫార్మ్‌హౌస్ సింకు ఎంచుకోవడం ఎలా? రాయి కోయించకముందే చదవండి

మా వంటిల్లు మళ్ళీ కట్టించుకున్నప్పుడు సింకు ఇంటికి రాకముందే గ్రానైట్ కోయించేశాను. కేటలాగులో వెడల్పు 33 అంగుళాలని ఉంది, మేస్త్రి 33కే గీత గీశాడు. తీరా పెట్టె విప్పి టేపు పెడితే ఎడమవైపు మూల దగ్గర పావు అంగుళం ఎక్కువ తేలింది. బిగించిన రాయిని మళ్ళీ గ్రైండరుతో కోస్తే ఆ దుమ్ము మూతపెట్టిన పప్పుల డబ్బాల్లోకి కూడా దూరింది. రెండు రోజులు బయటి ఇడ్లీలతోనే గడిపాం.

ఫార్మ్‌హౌస్ సింకు అంటే ముందు గోడ వంటగట్టు రాతి వెనక దాక్కోకుండా బయటికే కనిపించే లోతైన తొట్టి. నడుముకి కట్టుకునే ఏప్రన్‌లా ముందు పలక కిందికి దిగి ఉంటుంది కాబట్టి ఏప్రన్ ఫ్రంట్ సింకు అని కూడా అంటారు. ఇంట్లో కుళాయిలు లేని రోజుల్లో, నీళ్ళు మోసుకొచ్చి పోసుకునే కాలంలో యూరప్‌లో వాడుకలోకి వచ్చింది. బ్రిటన్‌లో బెల్‌ఫాస్ట్ సింకు, బట్లర్ సింకు అనేవి ఈ కుటుంబంవే. బెల్‌ఫాస్ట్ రకానికి నీళ్ళు పొర్లిపోకుండా పైన ఓవర్‌ఫ్లో దారి ఉంటుంది, పాత బట్లర్ రకానికి ఉండదు.

మామూలు సింకైతే ఆఖర్న చూసుకున్నా నడుస్తుంది. దీనితో అలా కుదరదు. కింద అల్మరా ఎంత బలంగా ఉండాలి, తలుపులు ఎంత పొట్టిగా రావాలి, రాయి ఎక్కడ ఆగాలి, అన్నీ ఈ తొట్టిని బట్టే తేలతాయి.

1. ముందు అటక మీంచి పెద్ద గిన్నె దింపండి

షోరూముకి తర్వాత వెళ్ళొచ్చు. పండక్కి పులిహోర కలిపే బేసిన్, అరిసెల మూకుడు, పెద్ద కుక్కరు దింపి అడ్డంగా కొలవండి. కేటలాగులో పెద్దక్షరాలతో వేసేది బయటి కొలత. 33 అంగుళాల సింకుకి లోపల పొడవు సుమారు 30 అంగుళాలు, ముందు నుంచి వెనక్కి 17 లేదా 18 అంగుళాలే ఉంటాయి. మా బేసిన్ 20 అంగుళాలు. అది చాలా ఫార్మ్‌హౌస్ సింకుల్లో బల్లపరుపుగా కూర్చోదు, ఏటవాలుగా నిలబెట్టి తోమాల్సిందే. అలా నిలబెడితే కుళాయి మూతికి తగులుతుందా లేదా అన్నది అసలు ప్రశ్న.

అందుకని పాత పేపరుని సింకు లోపలి కొలతకి కత్తిరించి నేల మీద పరిచి, గిన్నె దాని మీద పెట్టి చూడండి. ఐదు నిమిషాల పని. రెండు తొట్లున్న సింకు కావాలా, ఒక్క తొట్టి చాలా అన్నది కూడా అక్కడే తెలిసిపోతుంది. నన్నడిగితే ఒక్క తొట్టే మేలు. 33 అంగుళాల్ని మధ్యలో అడ్డుగోడ కట్టి విడగొడితే ఏ సగంలోనూ మన గిన్నెలు పట్టవు.

2. తోమే మనిషిని అడగండి

ఈ మాట చెబితే కొందరు నవ్వుతారు. కానీ సింకు దగ్గర రోజూ గంటసేపు నిలబడేది ఎవరో వాళ్ళ ఎత్తుకే అది సరిపోవాలి. మా పనమ్మని పాత గట్టు దగ్గర నిలబెట్టి, "ఇక్కడిదాకా వంగాలి, ఫర్వాలేదా?" అని చెయ్యి పెట్టి చూపించాను. "నడుం పోద్దమ్మా" అంది. 10 అంగుళాల లోతు ఆలోచన అక్కడితో మానేశాను.

లెక్క ఇదీ. మన వంటగట్లు చాలా ఇళ్ళలో 32 నుంచి 34 అంగుళాల ఎత్తులో ఉంటాయి. 32 అంగుళాల గట్టుకి 10 అంగుళాల లోతు సింకు పెడితే అడుగు నేల నుంచి 22 అంగుళాల దగ్గరికి దిగుతుంది. అంటే మోకాలికి కాస్త పైన. చెంచా తియ్యాలన్నా నడుం వంచాలి. 8 లేదా 9 అంగుళాల లోతు మనకి హాయి. అమెరికాలో గట్టు సాధారణంగా 36 అంగుళాలు కాబట్టి అక్కడ 10 అంగుళాలైనా అంత ఇబ్బంది ఉండదు. ఏప్రన్ సింకులో ఒక సుఖం కూడా ఉంది. ముందు రాతి పట్టీ ఉండదు గనక తొట్టికి రెండు మూడు అంగుళాలు దగ్గరగా నిలబడతాం, చేతులు అంత చాపక్కర్లేదు.

3. దేనితో చేసింది?

ఇక్కడే అందరూ ఫొటో చూసి మోసపోతారు. ఫొటోలో కనిపించే ఆ తెల్లటి మెరుపు తొట్టి ఎక్కువసార్లు ఫైర్‌క్లే. మట్టినీ పైన పూసిన గ్లేజునీ 1,200 డిగ్రీల సెల్సియస్ ప్రాంతంలో కాలిస్తే రెండూ కలిసి గట్టి పింగాణీలా అవుతాయి. గ్లేజు బాగున్నంతకాలం పసుపు లోపలికి ఇంకదు, సబ్బుతో పోతుంది. స్టీలు గిన్నెలు రాసుకుని నల్లటి గీతలు పడితే కంగారుపడొద్దు. చాలావరకు అవి గీరుకుపోయిన గీతలు కావు, గిన్నె లోహమే అంటుకుని ఉంటుంది. మెత్తటి క్లీనింగ్ పౌడరు వేసి గుడ్డతో రుద్దితే వస్తాయి. భయపడాల్సింది అంచు గురించి. ఇనప పెనం జారి అంచు మీద పడితే పెచ్చు లేస్తుంది, అది మళ్ళీ అతకదు. స్టీలు పీచు రోజూ వేసి రుద్దినా మెరుపు తగ్గుతుంది. మీ ఇంట్లో గిన్నెలు గట్టిగా చప్పుడు చేస్తూ తోమే అలవాటుంటే ఫైర్‌క్లే వద్దు, లేదా అడుగున వైర్ గ్రిడ్ (తీగల జాలీ) తప్పనిసరిగా పెట్టండి.

పోత ఇనుము మీద ఎనామెల్ పూసినవి కూడా తెల్లగానే, అంతే బరువుగా ఉంటాయి. ఎనామెల్ పెచ్చు లేచిందంటే కింద ఇనుము తుప్పు పడుతుంది.

మన వంటకి నా ఓటు స్టీలు ఏప్రన్ సింకుకే. చూడ్డానికి అంత పల్లెటూరి అందం ఉండదు, నిజమే. కానీ గిన్నె జారినా సింకూ బతుకుతుంది, గిన్నే బతుకుతుంది. కొనేటప్పుడు మూడు చూడండి. మొదటిది మందం. గేజు నంబరు తగ్గేకొద్దీ రేకు మందం పెరుగుతుంది, 16 గేజు అంటే ఒకటిన్నర మిల్లీమీటరు పైచిలుకు, 18 గేజు అంటే 1.2 మిల్లీమీటర్ల దాకా. పల్చటి సింకులో వేడి గంజి వంచగానే టప్పుమని చప్పుడు వస్తుంది, విన్నారా ఎప్పుడైనా? ఆ రేకు వ్యాకోచించే చప్పుడే అది. రెండోది గ్రేడు. 304 గ్రేడులో సుమారు 18 శాతం క్రోమియం, 8 శాతం నికెల్ ఉంటాయి. కొట్లో అయస్కాంతం అంటించి "చూడండి సార్, అంటుకోలేదు, అసలైన 304" అంటారు. చవకైన 202 గ్రేడు కూడా అయస్కాంతానికి అంటుకోదు! కాబట్టి ఆ పరీక్షని నమ్మకండి, బిల్లు మీద గ్రేడు రాయించుకోండి. ఇళ్ళలో వాడే స్టీలు సింకులకి భారతీయ ప్రమాణం ఐఎస్ 13983, ఆ నంబరుతో ఐఎస్ఐ గుర్తు ఉంటే మంచిది. విశాఖ, కాకినాడ లాంటి ఉప్పుగాలి ఊళ్ళలో 202 తీసుకుంటే తుప్పు చుక్కలు త్వరగా వస్తాయి. మూడోది మూలలు. పదునైన చదరపు మూలలు ఫొటోలో బాగుంటాయి గానీ వాటిలో అన్నం మెతుకులు ఇరుక్కుంటాయి. కాస్త గుండ్రం తిరిగిన మూలలున్నవి తీసుకోండి.

రాగి సింకు గురించి ఒక్క మాట. చింతపండుతో తోమితే రాగి చెంబు ఎలా మెరుస్తుందో తెలుసుగా. రాగి సింకు వాడకంతో నల్లబడి ఒక రంగుకి వస్తుంది, చారుకి పిసికిన పులుసు చిందిన చోటల్లా మళ్ళీ కొత్త పైసాలా మెరిసే మచ్చలు పడతాయి. నచ్చినవాళ్ళకి అదే అందం. నాకైతే టెన్షన్.

క్వార్ట్జ్ పొడి, రెసిన్ కలిపి పోసిన సింకుల్లో తెలుపు తీసుకుంటే పసుపు మరక, నలుపు తీసుకుంటే బోరు నీళ్ళ తెల్లచారలు. మధ్యరకం బూడిద రంగు కాస్త నయం. పాలరాతి తొట్టి వంటింటికి వద్దే వద్దు, నిమ్మకాయకే పాలిష్ పోతుంది.

4. బరువు మోసేదెవరు?

33 అంగుళాల ఫైర్‌క్లే సింకు ఖాళీగానే 50 కిలోలు దాటొచ్చు. లోపల 30, 17, 9 అంగుళాల తొట్టి నిండితే 75 లీటర్ల నీళ్ళు పడతాయి, అంటే ఇంకో 75 కిలోలు. పైన అంట్లు. దీన్ని రాతికి కింద సిలికాన్‌తో అతికించి వేలాడదీస్తానని ఎవరైనా అంటే ఆ మనిషిని పంపించేయండి. సింకు అడుగున రెండువైపులా ఆధారం ఉండాలి. ఇటుక గోడల మీద కట్టిన గట్టయితే కడప రాతి పలక అడ్డంగా వేయించి దాని మీద కూర్చోబెట్టొచ్చు. మాడ్యులర్ అల్మరా అయితే లోపల చెక్క ఫ్రేము కట్టించాలి, ప్లైవుడ్ ఐఎస్ 710 గ్రేడుదై (తడికి తట్టుకునే మెరైన్ ప్లై) ఉండాలి. ముందు పలక మీంచి కారే తడి తలుపుల మీదికే వస్తుంది, మామూలు ప్లై ఉబ్బిపోతుంది.

పలక కిందికి దిగుతుంది గనక అల్మరా తలుపులు ఆ మేరకు పొట్టిగా వస్తాయి. చెత్తబుట్ట నిలువుగా పడుతుందో లేదో చూసుకోండి. వాటర్ ప్యూరిఫయరు వేస్టు పైపు ఎక్కడ కలుస్తుందో కూడా ప్లంబరుతో అప్పుడే తేల్చుకోవాలి.

ఉన్న గట్టు పగలగొట్టకుండా పెట్టుకోవాలంటే ముందు పలక 6 లేదా 7 అంగుళాలే ఉండే పొట్టి రకాలున్నాయి. వాటికైనా ముందు రాతి పట్టీ కోయక తప్పదు. అమెరికాలో చెత్త గ్రైండరు బిగించుకునేవాళ్ళు ఫైర్‌క్లే అడుగు మందంగా ఉంటుందని గుర్తుంచుకుని, పొడవాటి ఫ్లాంజ్ (గ్రైండరుని పట్టి ఉంచేలా తూములో బిగించే మెడ) అడిగి తెచ్చుకోవాలి.

5. సింకు వచ్చాకే రాయి

మట్టి కాలితే కుంచించుకుపోతుంది, అన్నీ ఒకే తీరున కుంచించవు. అందుకే ఫైర్‌క్లే సింకులు ఒకే మోడల్ అయినా ఒకదానికొకటి కొద్దిగా తేడాగా వస్తాయి. నాకు తగిలిన పావు అంగుళం అదే. మీ సింకునే రాతి పనివాడి ముందు బోర్లించి, అట్ట మీద దాని చుట్టూ గీత గీయించి, ఆ అట్ట ప్రకారం కోయించండి.

రాయి ఎక్కడ ఆగాలన్నది కూడా అప్పుడే చెప్పాలి. రాయి తొట్టి మీదికి పొడుచుకొస్తే కింద సందులో నాచు పడుతుంది, గిన్నె ఎత్తేటప్పుడు అంచుకి తగులుతుంది. తొట్టి అంచు రెండు మూడు మిల్లీమీటర్లు బయటికి కనిపించేలా వెనక్కి ఆపితే తుడవడం తేలిక.

6. బాత్‌రూముకైతే

ఇక్కడ లోతు అక్కర్లేదు, 5 లేదా 6 అంగుళాలు చాలు. వెడల్పు 24 అంగుళాలుంటే ఒకరికి బాగా సరిపోతుంది. ఓవర్‌ఫ్లో దారి ఉన్నదే తీసుకోండి, పిల్లలు కుళాయి తిప్పి మర్చిపోతారు. వంటింటి సింకు తూము 3.5 అంగుళాలు, వాష్ బేసిన్ తూము సాధారణంగా 32 మిల్లీమీటర్లు. ఒకదాని కప్లింగు ఇంకోదానికి పట్టదు. బాత్‌రూము కడిగే యాసిడ్ మాత్రం ఏ సింకు మీదా పోయకండి, స్టీలుకి చిల్లుల్లాంటి గుంటలు పడతాయి, ఎనామెల్ పాడవుతుంది.

7. పెట్టె విప్పేటప్పుడు

డెలివరీ మనిషి ఉండగానే విప్పండి. నాలుగు మూలలూ అరచేత్తో తడమండి, సన్నటి పెచ్చు కంటికంటే ముందు వేలికి తెలుస్తుంది. వరండాలో సమంగా ఉన్న చోట పెట్టి చెంబుడు నీళ్ళు అడుగున పోయండి. తూము వైపు జారకుండా ఒక మూల మడుగు కడితే, రోజూ ఆ మూల మెతుకులు చేత్తో తోయాల్సిందే. అలాంటిది అక్కడికక్కడే వెనక్కి పంపండి.

బిగించి సిలికాన్ వేశాక ఒక రోజు ఆరనివ్వండి. తర్వాత రాత్రి పడుకునేముందు తూము మూసి తొట్టి నింపండి, కింద అల్మరాలో పొడి న్యూస్ పేపరు పరవండి. పొద్దున లేచి పేపరు ముట్టుకుని చూశాకే ప్లంబరుకి మిగతా డబ్బులివ్వండి.