నాచు పెంచే ముందే అది ఎలా తీస్తారో చూస్కోండి

నీళ్లు పచ్చబడగానే చాలామంది పని అయిపోయింది అనుకుంటారు, కాదండీ, అసలు పని అప్పుడే మొదలు. నీళ్లలో ఉన్న అమ్మోనియా, నైట్రేట్, ఫాస్ఫేట్ నాచు లాగేసుకునే మాట నిజమే కానీ అది అక్కడే చచ్చి కుళ్లితే లాగిందంతా మళ్లీ నీళ్లలోనే కలుస్తుంది. అందుకే బయటికి తీయడం ఎలాగో ముందే తేల్చుకోవాలి.

నీళ్లు శుభ్రం చేయడమే మీ పనైతే పీచు నాచు బెస్ట్. గరుకు మెష్ ఒకటి కొంచెం వాలుగా పెట్టి దానిమీద మురికి నీళ్లు పల్చగా పారేలా పంపు పెట్టండి, ఎండ తగలాలి, కొన్నాళ్లకి మెష్ నిండా పచ్చటి జుట్టులా పడుతుంది, వారానికోసారి గోకి తీసేయడమే. మొత్తం గోకకండి, వేళ్లకి తగిలేంత పొర ఉంచితే మళ్లీ త్వరగా వస్తుంది. క్లోరెల్లా లాంటి సూక్ష్మ నాచు కూడా బాగానే శుభ్రం చేస్తుంది కానీ అది మామూలు గుడ్డలో ఆగదు, తీయడం నరకం.

ఆ క్లోరెల్లాని తీయాల్సిన పని లేనిది చేపల దగ్గరే, డాఫ్నియా, రోటిఫర్లు అనే నీళ్లలో తిరిగే బుల్లి జీవులు దాన్ని తింటాయి, వాటిని చేపపిల్లలు తింటాయి. చెరువులో చెయ్యి మోచేతి దాకా ముంచి చూడండి, అరచెయ్యి మసగ్గా కనిపిస్తే బాగుంది, మణికట్టు దాటగానే ఏమీ కనపడట్లేదంటే నాచు మరీ చిక్కబడింది. పగలు ఆక్సిజన్ ఇచ్చే ఆ నాచే రాత్రి ఆక్సిజన్ పీల్చేస్తుంది, తెల్లవారుజామున చేపలు పైకొచ్చి నోళ్లు తెరుస్తుంటే వెంటనే ఏరేటర్ (నీళ్లలోకి గాలి ఎక్కించే మెషిన్) వేయండి, మేత ఆపండి. ఎండ బాగా కాసిన మధ్యాహ్నం పీహెచ్ (నీళ్లలో ఆమ్లం, క్షారం ఎంతుందో చెప్పే కొలత) 9 దాటొచ్చు, అప్పుడు అమ్మోనియా ఇంకా విషం అవుతుంది, సో పీహెచ్ పొద్దున ఒక్కసారి చూసి వదిలేయొద్దు.

పశువులకి, కోళ్లకి మేతలో కలపాలంటే నా ఓటు స్పిరులినా అనే నాచుకే. లీటరు మంచినీళ్లకి 16 గ్రాముల సోడియం బైకార్బొనేట్, దాంతోపాటు నైట్రేట్, ఫాస్ఫేట్ లాంటి పోషకాలు, పీహెచ్ 9 నుంచి 10.5, వేడి 35 డిగ్రీల దగ్గర, లోతు ఒక జానెడు చాలు. పాలకి తోడు వేసినట్టే, కాకపోతే తోడు ఇక్కడ ఎక్కువ కావాలి, పదో వంతైనా ముదురు కల్చర్ (స్పిరులినా చిక్కగా పెరిగిన నీళ్లు) పోసి రోజంతా కదుపుతూ ఉండండి. బాగా చిక్కబడ్డాక సన్నటి నేత గుడ్డలో వడకట్టి పిండి, సేమ్యాలా నొక్కి 60 డిగ్రీలు దాటకుండా ఆరబెట్టండి. ఎండు బరువులో సగం పైనే ప్రోటీన్, సెల్ గోడ మెత్తన కాబట్టి బాగా అరుగుతుంది. మేతలో కొంచెంతో మొదలుపెట్టండి.

మురుగునీళ్లలో, ఫ్యాక్టరీ నీళ్లలో పెరిగిన నాచుని మాత్రం మేతలో వేయకండి, సీసం, కాడ్మియం లాంటివి అది ఒంట్లో దాచుకుంటుంది. ఇంకోటి, నిలవ నీళ్ల మీద పచ్చ పెయింట్ పోసినట్టు తెట్టు కడితే అది మైక్రోసిస్టిస్ అనే విషపు నాచు కావచ్చు, ఆ నీళ్లు తాగి పశువులు చచ్చిపోవచ్చు, తెట్టు కనిపించిన రోజే వాటిని అటు వెళ్లకుండా కట్టేయండి.