విలువలను బైట్లలోకి సర్దడం, తిరిగి విప్పడం: పైథాన్ స్ట్రక్ట్ మాడ్యూల్‌తో

ప్రోగ్రాములో 300 అంటే ఒక సంఖ్య, అంతే. ఫైల్లోకో నెట్‌వర్క్ మీదికో వెళ్ళేసరికి అది 2 బైట్లు కావచ్చు, 4 కావచ్చు, 8 కావచ్చు. పెద్ద బైటు, అంటే సంఖ్యలో ఎక్కువ విలువ మోసే బైటు, ముందుండచ్చు, వెనకుండచ్చు. రాసినవాళ్ళు ఏది అనుకున్నారో ఆ బైట్లలో ఎక్కడా రాసి ఉండదు. చదివేవాళ్ళు వేరేగా అనుకుంటే ఎర్రర్ కూడా రాదు, తప్పు విలువ మాత్రం దర్జాగా వచ్చి కూర్చుంటుంది. ఈ పనిలో వచ్చే చిక్కుల్లో చాలావరకు ఇక్కడే పుడతాయి.

పైథాన్‌లో దీనికి స్ట్రక్ట్ మాడ్యూల్ ఉంది. పైథాన్‌తోపాటే వస్తుంది, విడిగా ఇన్‌స్టాల్ చేయక్కర్లేదు. ప్యాక్ ఫంక్షన్‌కు ఒక ఫార్మాట్ స్ట్రింగు, విలువలు ఇస్తే బైట్లు వస్తాయి. అన్‌ప్యాక్‌కు అదే ఫార్మాట్, బైట్లు ఇస్తే విలువలు వస్తాయి. పెర్ల్, రూబీ, పీహెచ్‌పీలలో కూడా ఇవే పేర్లున్నాయి కానీ అక్షరాల అర్థాలు ఒకటి కావు. పెర్ల్‌లో పెద్ద ఎన్ అంటే పెద్ద బైటు ముందుండే 4 బైట్ల సంఖ్య. పైథాన్‌లో అదే అక్షరం మెషీన్‌ని బట్టి మారే సైజు. ఒక భాషలోని ఫార్మాట్‌ను ఇంకో భాషలోకి కాపీ కొట్టకండి.

ముందు కాగితం మీద పట్టిక

కోడ్ తెరిచే ముందు ప్రతి ఫీల్డుకీ నాలుగు సంగతులు రాసుకోండి: ఎన్నో బైటు దగ్గర మొదలు, ఎన్ని బైట్లు, మైనస్ విలువలు వస్తాయా, ఏ యూనిట్లో ఉంది. ఒక సెన్సార్ రికార్డు తీసుకుందాం.

0వ బైటు నుంచి 2 బైట్లు: పరికరం నంబరు, మైనస్ ఉండదు.
2వ బైటు నుంచి 4 బైట్లు: 1970 నుంచి సెకన్లు, మైనస్ ఉండదు.
6వ బైటు నుంచి 2 బైట్లు: ఉష్ణోగ్రత, డిగ్రీలో వందో వంతు లెక్కన, మైనస్ ఉంటుంది.
8వ బైటు: స్థితి, విడివిడి బిట్లు.

మొత్తం 9 బైట్లు. చిన్న బైటు ముందు అని నిర్ణయించాం అనుకోండి. ఫార్మాట్ ఇలా తయారవుతుంది: < గుర్తు (చిన్న బైటు ముందు అని చెప్పేది), పెద్ద హెచ్, పెద్ద ఐ, చిన్న హెచ్, పెద్ద బి. బి అంటే 1 బైటు, హెచ్ 2, ఐ 4, క్యూ 8. పెద్దక్షరమైతే మైనస్ లేనిది, చిన్నక్షరమైతే మైనస్ ఉన్నది. దశాంశాలకు చిన్న ఎఫ్ 4 బైట్లు, చిన్న డి 8 బైట్లు.

పరికరం 300, సమయం 1700000000, ఉష్ణోగ్రత మైనస్ 5.25, స్థితి 5 ఇస్తే రావలసిన బైట్లు ఇవి:

44 1 0 241 83 101 243 253 5

చేత్తో సరిచూసుకోండి. 44 + 1×256 = 300. ఉష్ణోగ్రత వందో వంతుల్లో మైనస్ 525, దానికి 65536 కలిపితే 65011, అంటే 243 + 253×256. బైట్లను నేరుగా ప్రింట్ చేస్తే 44 స్థానంలో కామా, 83, 101 స్థానాల్లో ఇంగ్లిష్ అక్షరాలు కనబడి కంగారు పెడతాయి. లిస్టుగా మార్చి ప్రింట్ చేస్తే పైన చూపినట్టు అంకెలే వస్తాయి.

ఇక్కడే రెండు గోతులున్నాయి. ఉష్ణోగ్రతను చిన్న హెచ్‌కి బదులు పెద్ద హెచ్‌తో చదివితే మైనస్ 5.25 కాస్తా 650.11 డిగ్రీలవుతుంది. వేసవిలో బాగానే నడిచి, చలికాలంలో పిచ్చి విలువలు చూపించే ప్రోగ్రాముల్లో మొదట వెతకాల్సింది దీన్నే. రెండోది, వందతో గుణించాక ఇంట్‌తో కత్తిరించడం. 0.29ని 100తో గుణిస్తే కంప్యూటర్ లెక్కలో 28.999999999999996 వస్తుంది, ఇంట్ దాన్ని 28 చేస్తుంది. రౌండ్ వాడండి. గుణించి అలాగే వదిలేస్తే పని జరగదు, ఎందుకంటే పూర్ణాంకం అడిగే అక్షరానికి దశాంశం ఇస్తే ప్యాక్ ఒప్పుకోదు.

పరిధి దాటినా ప్యాక్ ఆపేస్తుంది. పెద్ద బికి 256 ఇచ్చారంటే ఎర్రరే. ఇది మేలే. సి భాషలో అయితే చడీచప్పుడు లేకుండా 0 అయ్యేది.

మొదటి గుర్తు మరిచిపోతే

ఫార్మాట్ మొదట్లో గుర్తు పెట్టకపోతే పైథాన్ @ ఉందనుకుంటుంది. అంటే ఆ మెషీన్‌లో సి కంపైలర్ ఎలా సర్దుతుందో అలా. 4 బైట్ల సంఖ్య సాధారణంగా నాలుగుతో భాగించబడే స్థానంలో మొదలవ్వాలి కాబట్టి మధ్యలో ఖాళీ బైట్లు దూరుతాయి. పై రికార్డునే గుర్తు లేకుండా ప్యాక్ చేస్తే:

44 1 0 0 0 241 83 101 243 253 5

300 తర్వాత రెండు సున్నాలు అదనం. 9 బైట్లు 11 అయ్యాయి. అవతలివైపు 9 చొప్పున చదివితే మొదటి రికార్డు సగం తప్పు, రెండోది పూర్తిగా తప్పు.

బీఎంపీ బొమ్మల ఫైళ్ళలో ఇది తరచూ దెబ్బ కొడుతుంది. దాని మొదటి హెడర్ 14 బైట్లు: ఫైలు రకం చెప్పే 2 బైట్ల ముద్ర, 4 బైట్ల ఫైలు సైజు, రెండు 2 బైట్ల ఖాళీలు, బొమ్మ డేటా ఎక్కడ మొదలో చెప్పే 4 బైట్ల ఆఫ్‌సెట్. గుర్తు లేకుండా రాస్తే, ఫార్మాట్ మొత్తం ఎన్ని బైట్లో చెప్పే కాల్క్‌సైజ్ ఫంక్షన్ 16 చూపిస్తుంది, ముద్ర తర్వాత రెండు బైట్లు దూరినందుకు. కోడ్ రాయగానే కాల్క్‌సైజ్ పిలిచి పట్టికలోని మొత్తంతో పోల్చడం అర నిమిషం పని. దాన్ని అసర్ట్‌గా, అంటే తేడా వస్తే ప్రోగ్రామును ఆపే తనిఖీగా, కోడ్‌లోనే వదిలేయండి.

చిన్న ఎల్ మీద కూడా కన్నేయండి. @ కింద అది 64 బిట్ లినక్స్‌లో 8 బైట్లు, విండోస్‌లో 4. < గానీ > గానీ పెడితే ఎక్కడైనా 4.

మరి ఏ గుర్తు వాడాలి? ఫార్మాట్ మీదే అయితే ఏదైనా ఒకటి ఎంచుకుని రాసిపెట్టండి. ఇతరులదైతే వాళ్ళ పత్రంలో ఉన్నదే. నెట్‌వర్క్ ప్యాకెట్ల టీసీపీ, ఐపీ హెడర్లలో పెద్ద బైటు ముందు, అందుకు > లేదా ! వాడాలి. పీఎన్‌జీ బొమ్మల ఫైళ్ళు కూడా అంతే. బీఎంపీ, వేవ్ ఫైళ్ళలో చిన్న బైటు ముందు. పీఎన్‌జీ ఫైల్లో 16వ బైటు నుంచి వెడల్పు, 20 నుంచి ఎత్తు, చెరి 4 బైట్లు ఉంటాయి. 640 పిక్సెళ్ళ వెడల్పు 0 0 2 128గా ఉంటుంది. దాన్ని తిరగేసి చదివితే 2147614720. ఇంత భారీ సంఖ్య ఎదురైతే ముందు బైట్ల వరసనే అనుమానించండి.

అక్షరాలు

ఎస్ ముందున్న అంకె అర్థం వేరు. 10 తర్వాత పెద్ద బి అంటే పది విలువలు. 10 తర్వాత చిన్న ఎస్ అంటే పది బైట్ల ఒకే ముక్క. దానికి స్ట్రింగు కాదు, ఎన్‌కోడ్ చేసిన బైట్లు ఇవ్వాలి. తక్కువైతే సున్నాలతో నింపుతుంది. ఎక్కువైతే ఏమీ చెప్పకుండా కత్తిరిస్తుంది! సంఖ్యల విషయంలో అంత పట్టుదలగా ఉండే మాడ్యూల్ ఇక్కడ ఎందుకు మెత్తబడిందో గానీ, దీన్ని మీరే కాపలా కాయాలి.

యూటీఎఫ్-8లో తెలుగు అక్షరం, గుణింతం గుర్తు ఒక్కొక్కటి 3 బైట్లు. ‘తెలుగు’ అనే మాటలో మూడు హల్లులు, మూడు గుర్తులు కలిపి 18 బైట్లు. 16 బైట్ల ఫీల్డులో పెడితే ‘తెలుగ’ వరకు 15 బైట్లు పట్టి, చివరి కొమ్ములోని మొదటి బైటు 224 ఒక్కటే మిగులుతుంది. రాసేటప్పుడు ఏ గొడవా ఉండదు, చదివి డీకోడ్ చేసేటప్పుడు ఎర్రర్ వస్తుంది. ప్యాక్ చేసే ముందే బైట్ల పొడవు చూసి, ఎక్కువైతే తిరస్కరించండి. పొడవు ముందే తెలియని పేర్లకైతే 2 బైట్లలో పొడవు, ఆ వెనకే బైట్లు రాయడం మేలు. విప్పాక చివరి సున్నాలను మీరే తీసేయాలి.

విప్పేటప్పుడు

అన్‌ప్యాక్ ఎప్పుడూ టపుల్ ఇస్తుంది, ఒక్క విలువైనా సరే. వేరియబుల్ పేరు పక్కన కామా పెట్టడం మరిచిపోతే సంఖ్య బదులు టపుల్ చేతికొస్తుంది. బైట్ల సంఖ్య ఒక్కటి తేడా వచ్చినా ఒప్పుకోదు. పెద్ద బఫర్‌లో మధ్య నుంచి చదవాలంటే అన్‌ప్యాక్ ఫ్రమ్‌కు ఆఫ్‌సెట్ ఇవ్వండి. వరుసగా ఒకే రకం రికార్డులుంటే ఇటర్ అన్‌ప్యాక్ ఉంది. లక్షల రికార్డులకు ఫార్మాట్‌ను ఒకసారి స్ట్రక్ట్ క్లాస్‌తో ఆబ్జెక్టుగా చేసుకుని వాడండి.

ఫైలును బైనరీ మోడ్‌లోనే తెరవండి. సి ప్రోగ్రాము విండోస్‌లో టెక్స్ట్ మోడ్‌లో రాస్తే లైను ముగింపు అనుకుని ప్రతి 10 బైటూ 13 10గా మారిపోతుంది. పీఎన్‌జీ మొదటి ఎనిమిది బైట్లు 137 80 78 71 13 10 26 10 అయింది ఊరికే కాదు. అలాంటి మార్పు జరిగితే ఈ ముద్రే ముందు చెడి, ఫైలు పాడైందని వెంటనే తెలిసిపోతుంది.

సాకెట్ (నెట్‌వర్క్ కనెక్షన్) నుంచి 9 బైట్లు అడిగితే 9 వస్తాయని నమ్మకండి. 4 రావచ్చు, మిగతా 5 తర్వాతి పిలుపులో రావచ్చు. కావలసినన్ని పోగయ్యేదాకా లూపులో చదవండి, ఖాళీ బైట్లు వచ్చాయంటే అవతలివాళ్ళు కనెక్షన్ మూసేశారని అర్థం. పొడవు ఫీల్డు చదివాక దానికి గరిష్ఠ పరిమితి చూడకుండా మెమరీ కేటాయించకూడదు. 4 బైట్ల పొడవు ఫీల్డయితే చెడ్డ డేటాలో అది 4294967295 వరకు ఉండచ్చు.

బిట్లకు స్ట్రక్ట్‌లో అక్షరం లేదు. బైటు చదివి షిఫ్ట్, యాండ్ చేయాలి. ఐపీ నాలుగో వెర్షన్ హెడర్ మొదటి బైటు సాధారణంగా 69. నాలుగు బిట్లు కుడికి జరిపితే 4, అది వెర్షన్. 15తో యాండ్ చేస్తే 5, అంటే హెడర్ 5×4 = 20 బైట్లు. 3 బైట్ల సంఖ్యలకూ అక్షరం లేదు, వాటికి ఇంట్ టైపులోని ఫ్రమ్ బైట్స్, టు బైట్స్ వాడండి.

టెస్టులో ప్యాక్ చేసి అన్‌ప్యాక్ చేసి అదే విలువ వచ్చిందని చూసుకుంటే సరిపోదు. రెండువైపులా ఒకే తప్పు ఉన్నా అది పాసవుతుంది. చేత్తో లెక్కగట్టిన పై తొమ్మిది బైట్లలాంటి వరసను టెస్టులో అలాగే రాసి, ప్యాక్ ఫలితాన్ని దానితో పోల్చండి. మైనస్ విలువ ఒకటి, పరిధి అంచు విలువ ఒకటి అందులో తప్పక ఉండాలి.